ఓపెన్ సోర్స్ ఫోన్ మీద ఆశ వదులుకోవాలా?

ప్రశ్న: కరీంనగర్‌లో డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెబుతాను. 2014లో, అప్పటికి ఇంకా చదువుకుంటున్నాను, రెండు వేల లోపే వస్తోందని ఫైర్‌ఫాక్స్ ఓఎస్ ఫోన్ (ఆండ్రాయిడ్ బదులు, కోడ్ అందరికీ తెరిచి ఉండే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచేది) కొన్నాను. ఏడాదిన్నర కూడా తిరగకుండానే ఆ ప్రాజెక్టు ఆగిపోయింది. తర్వాత అలాంటిదే అయిన ఉబుంటు టచ్ మీద ఆశ పెట్టుకున్నాను. 2017లో అదీ ఆగింది. వాలంటీర్లు మళ్లీ నిలబెట్టారని ఈమధ్య ఒక సెకండ్ హ్యాండ్ ఫోన్‌లో వేసుకుంటే, నా 4జీ సిమ్‌కు కాల్స్ రావడం లేదు, బ్యాంకు యాప్ లేదు, యూపీఐ లేదు. తీరిక దొరికినప్పుడు ఈ ప్రాజెక్టులకు తెలుగు అనువాదాలు చేస్తుంటాను. ‘వచ్చే వెర్షన్‌లో సరవుతుంది’ అనే మాట పదేళ్లుగా వింటున్నాను. ఆండ్రాయిడ్, ఐఫోన్ చూస్తే ఎక్కడికో వెళ్లిపోయాయి. మొన్న క్లాసులో ఓపెన్ సోర్స్ గురించి చెబుతుంటే ఒక అమ్మాయి ‘మరి మీ చేతిలో ఉన్నది ఏ ఫోన్ సార్?’ అంది. ఏం చెప్పాలో తోచలేదు. వీళ్లు ఇంత నెమ్మదిగా ఎందుకున్నారు? ఇక వదిలేయడమే మంచిదా?

జవాబు: వదిలేయకండి. అయితే ఇప్పుడు చేస్తున్న పద్ధతిలోనే కొనసాగించనూ వద్దు. రోజూ జేబులో ఉండే ఫోనూ, మీరు నమ్మినదీ ఒకటే అయ్యుండాలని పట్టుబట్టడం వల్ల మీకు ఈ విసుగు వచ్చింది. ఆ రెంటినీ విడదీస్తే చాలా భారం తగ్గుతుంది. ఎలాగో చెబుతాను. ముందు ‘ఎందుకింత నెమ్మది’ అన్న ప్రశ్న చూద్దాం. అది తెలిస్తే మీ కోపం ఎవరి మీద ఉండాలో కూడా తేలుతుంది.

వెనకబడింది ఓపెన్ సోర్స్ వాళ్లొక్కళ్లే కాదు. నోకియా ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్ 2014లో చేతిలోకి తీసుకుంది. మరుసటి ఏడాదే 760 కోట్ల డాలర్లను నష్టం కింద రాసేసుకుంది. కొన్నాళ్లకు విండోస్ ఫోనే లేకుండా పోయింది. టైజెన్ అనే మరో ఓఎస్‌తో నడిచే తొలి స్మార్ట్‌ఫోన్ జెడ్1ను శాంసంగ్ 2015 జనవరిలో మన దేశంలోనే, 5,700 రూపాయలకు తెచ్చింది. అదీ నిలవలేదు. డబ్బు, ఇంజనీర్లు, ఊరూరా షాపులు ఉన్నవాళ్లకే మూడో స్థానం దక్కలేదు. యాప్‌లు లేకపోతే జనం కొనరు, జనం లేకపోతే యాప్‌లు ఎవరూ రాయరు. ఈ ముడి ఎంత డబ్బు పోసినా విడలేదు. అలాంటప్పుడు ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు కోడ్ రాసేవాళ్లు దాన్ని విప్పలేదని వాళ్లను నిందించడం న్యాయం కాదు.

ఆ ముడి దానంతటదే పడింది కూడా కాదు. ప్లే స్టోర్ ఉన్న ఫోన్లు అమ్మాలనుకునే కంపెనీ, ఆండ్రాయిడ్‌ను వేరేగా మార్చుకున్న ఫోన్ ఇంకొకటి అమ్మకూడదని గూగుల్ ఒప్పందాలు రాయించుకునేది. 2012లో ఏసర్, అలీబాబావారి అలియున్ ఓఎస్‌తో చైనాలో ఫోన్ విడుదల చేయబోయి ఆఖరి నిమిషంలో కార్యక్రమాన్నే రద్దు చేసుకుంది. గూగుల్ ఒత్తిడే కారణమని అలీబాబా బహిరంగంగానే చెప్పింది. మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో ఇలాంటి షరతులన్నిటినీ తప్పుపట్టి గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. సుప్రీంకోర్టు 2023 జనవరిలో స్టేకు ఒప్పుకోకపోయాకే మన దేశంలో ఆ షరతులు కొన్ని సడలాయి. అంటే పదేళ్లకు పైగా తలుపులు వేసేసి ఉన్న దారిలో నడవలేదని మనం వీళ్లను అంటున్నాం.

ఇదంతా వ్యాపారం సంగతి. అసలు కష్టం ఫోన్ లోపల ఉంది.

మీ కాలేజీ ల్యాబ్‌లో ఒకే పెన్ డ్రైవ్‌తో రకరకాల కంప్యూటర్లలో లినక్స్ (ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేస్తారు కదా. అక్కడ తనలో ఏయే భాగాలున్నాయో చాలావరకు ఆ కంప్యూటరే ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పుకుంటుంది. ఫోన్ అలా చెప్పదు. టచ్ చిప్ ఏ అడ్రసులో ఉంది, తెరకు కరెంటు ఎక్కణ్నుంచి వస్తోంది, వాల్యూమ్ బటన్ ఏ పిన్నుకు కలిపారు, ఇవన్నీ ఒక మనిషి కూర్చుని ఒక ఫైల్‌లో రాయాలి. దాన్నే డివైస్ ట్రీ అంటారు. 2018 ఆగస్టులో మన దేశంలో విడుదలైన పోకో ఎఫ్1 సంగతి తీసుకోండి. బయటికి చూస్తే అది ఒకటే ఫోన్. లోపల మాత్రం కొన్నిటికి టియాన్మా కంపెనీ తెర ఉంటుంది, కొన్నిటికి ఈబీబీజీ తెర. అందుకే లినక్స్ కెర్నెల్‌లో (హార్డ్‌వేర్‌ను నడిపించే లోపలి భాగంలో) ఆ ఒక్క మోడల్‌కే రెండు డివైస్ ట్రీ ఫైళ్లు ఉన్నాయి. మీ చేతిలోది ఏ రకమో చూసుకుని దానికి తగ్గ ఫైల్ వేసుకోవాలి. ఇంతా చేసి ఆ ఫైళ్లు రాసింది ఫోన్ తయారుచేసిన కంపెనీ కాదు, బయటివాళ్లు. ఇది ఒక్క తెర సంగతే. కెమెరా, వేలిముద్ర సెన్సర్, ఛార్జింగ్ చిప్, స్పీకర్, ప్రతిదానికీ ఇదే తంతు. వచ్చే ఏడాది ఇంకో మోడల్ వస్తే మళ్లీ మొదటికి.

చిప్ తయారీదారు తన డ్రైవర్లను (ఆ చిప్‌ను పని చేయించే ప్రోగ్రాములను) అప్పటి ఆండ్రాయిడ్ కెర్నెల్ ఒకదానికి సరిపడా రాసి ఫోన్ కంపెనీకి అప్పజెబుతాడు. కొన్నేళ్లకు వాటి ఊసెత్తడు. దాంతో బయటివాళ్లకు రెండే దారులు. ఆ పాత ఆండ్రాయిడ్ డ్రైవర్లనే ఎలాగోలా పని చేయించుకోవడం ఒకటి, ఉబుంటు టచ్ చాలా ఫోన్లలో చేసేది అదే. మొదటి నుంచి సొంతంగా డ్రైవర్లు రాసి అసలు లినక్స్ కెర్నెల్‌లో చేర్చడం రెండోది. పాత ఫోన్లకు లినక్స్ తెచ్చే పోస్ట్‌మార్కెట్ ఓఎస్ వాళ్లు 2017 నుంచి ఈ రెండో దారి మీద గట్టిగా నిలబడ్డారు. మొదటిది త్వరగా ఫలితమిస్తుంది కానీ ఆ పాత కెర్నెల్‌కు మనల్ని కట్టేస్తుంది. రెండోది నెమ్మది, కానీ ఒకసారి కెర్నెల్‌లో చేరిన పనిని కంపెనీ మనసు మారినా ఎవరూ వెనక్కి తీసుకోలేరు. నా మొగ్గు రెండోదానికే. మీరు నెమ్మది అంటున్నదాంట్లో చాలా భాగం ఈ పనే.

మీ కాల్స్ సంగతి. మోడెమ్ అంటే నెట్‌వర్క్‌తో మాట్లాడటానికి ఫోన్‌లో ఉన్న ఇంకో కంప్యూటర్. దాని సాఫ్ట్‌వేర్ తయారీదారు దగ్గరే ఉంటుంది, మన చేతికి రాదు. 4జీలో మాట కూడా డేటా రూపంలోనే పోవాలి, అదే వీవోఎల్‌టీఈ. దాన్ని నడిపే భాగం ఒక్కో చిప్‌కు ఒక్కోలా, ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో సెట్టింగ్‌తో ఉంటుంది. పాత 2జీ ఉన్న నెట్‌వర్క్ అయితే ఫోన్ ఆ దారిలోకి దిగి కాల్ కలుపుతుంది. జియోలాగా పూర్తిగా 4జీ మీదే మొదలైన నెట్‌వర్క్‌లో దిగడానికి కింద ఏమీ లేదు, వీవోఎల్‌టీఈ లేకపోతే కాల్ లేనట్టే. ఈ ప్రాజెక్టుల్లో పనిచేసేవాళ్లలో చాలామంది యూరప్‌వాళ్లు. 2జీ నడుస్తున్న దేశాల్లో కూర్చున్నవాళ్లకు ఈ లోటు మనకు తగిలినంత త్వరగా తగల్లేదు. మన బాధ మనమే వాళ్లకు చెప్పాలి, ఆ మాటకు చివర్లో వస్తాను.

బ్యాంకు యాప్‌ల విషయంలో మాత్రం మీ కోపంలో నేనూ పాలుపంచుకుంటాను. ఉబుంటు టచ్‌కు ఎలాగూ అవి లేవు. ఆండ్రాయిడ్ కోడ్‌తోనే నడిచే లీనేజ్ ఓఎస్ వేసుకున్నా, ఫోన్ గూగుల్ ఆమోదం పొందిన స్థితిలో ఉందో లేదో ప్లే ఇంటెగ్రిటీ అనే గూగుల్ తనిఖీ ద్వారా కనుక్కుని చాలా యాప్‌లు తెరుచుకోవు. మోసాల భయం నిజమే, కాదనను. కానీ ఏళ్ల తరబడి సెక్యూరిటీ అప్‌డేట్ అందని పాత కంపెనీ ఫోన్‌ను లోపలికి రానిచ్చి, ఈ నెల అప్‌డేట్ పడిన ఫోన్‌ను గుమ్మంలోనే ఆపేయడం భద్రత ఎలా అవుతుంది? ఇది సాంకేతికంగా తప్పనిసరి కాదు, ఎవరో కూర్చుని తీసుకున్న నిర్ణయం. కాబట్టి మార్చమని అడగొచ్చు, అడగాలి కూడా. 2022లో రిజర్వు బ్యాంకు మామూలు బటన్ ఫోన్ల కోసం యూపీఐ 123పే తెచ్చింది. ఫోన్ చేసి, చెప్పిన నంబర్లు నొక్కి డబ్బు పంపే పద్ధతి అది. స్మార్ట్‌ఫోన్ యాప్ లేకుండా యూపీఐ నడవదనే మాట నిజం కాదని ప్రభుత్వ వ్యవస్థే చూపించిందన్నమాట.

అలాగని తప్పంతా బయటివాళ్ల మీదే వేయను. ఈ ప్రాజెక్టులు మాట ఇవ్వడంలో తొందరపడ్డాయి. ఓపెన్‌మోకో అనే ఓపెన్ సోర్స్ ఫోన్ ప్రాజెక్టు వాళ్ల నియో 1973 ఫోన్ డెవలపర్ల చేతికి వచ్చింది 2007 జులైలో, అంటే తొలి ఐఫోన్ అమ్మకాలు మొదలైన రోజుల్లోనే. మరుసటి ఏడాది వచ్చిన ఫ్రీరన్నర్‌లో కాల్ మాట్లాడుతుంటే అవతలివాళ్లకు జుయ్‌మనే రొద వినిపించేది. అది తీరకముందే సాఫ్ట్‌వేర్‌ను ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారుస్తూ పోయారు. 2009లో తర్వాతి ఫోన్ పని ఆపేశారు. లిబ్రెమ్ 5 అనే లినక్స్ ఫోన్ కోసం 2017లో జనం దగ్గర చందాలు తీసుకుంటూ 2019 జనవరికి ఇస్తామన్నారు. పెద్ద ఎత్తున తయారైన ఫోన్లు బయటికి రావడం 2020 నవంబరులో గానీ మొదలవలేదు, ముందే డబ్బు కట్టినవాళ్లలో కొందరు ఇంకా చాలాకాలం ఎదురుచూశారు. ఉబుంటు టచ్ తొలినాళ్లలో ఫోన్‌ను మానిటర్‌కు తగిలిస్తే కంప్యూటర్ అయిపోతుందని ఎంతో చెప్పారు, వాట్సాప్ లేకుండా ఆ ఫోన్‌ను ఇంట్లోవాళ్లకు ఎలా ఇవ్వాలన్నది పక్కన పడింది. ‘వచ్చే వెర్షన్’ అనే మాట విని మీరు విసిగిపోవడంలో తప్పేమీ లేదు. పైన్‌ఫోన్ అనే ఇంకో లినక్స్ ఫోన్ అమ్మినవాళ్లు ఇది ముందస్తుగా కొనేవాళ్ల కోసం, పూర్తికాని ఫోన్ అని మొదట్లోనే చెప్పారు. నాకు వాళ్ల పద్ధతే నచ్చింది.

ఇప్పుడు మీ అనువాదాల సంగతి. పదేళ్ల శ్రమ వృథా అయిందనుకుంటున్నారు. ఆగిపోయిన ప్రాజెక్టుల్లో ఏది పోయింది, ఏది మిగిలింది అన్నది ఒకసారి చూడండి. కాల్స్, సిమ్ వ్యవహారం చూసుకునే ఓఫోనో అనే ప్రోగ్రామ్‌ను నోకియా, ఇంటెల్ కలిసి 2009లో ప్రకటించాయి. వాళ్లిద్దరూ చేపట్టిన మీగో అనే ఓఎస్ ఎప్పుడో కనుమరుగైంది, ఓఫోనో మాత్రం సెయిల్‌ఫిష్ అనే ఇంకో ఫోన్ ఓఎస్‌లో, ఉబుంటు టచ్‌లో పని చేస్తూనే ఉంది. ఆండ్రాయిడ్ డ్రైవర్లను లినక్స్‌లో వాడుకునేలా చేసే లిబ్‌హైబ్రిస్ సెయిల్‌ఫిష్ వైపు నుంచి పుట్టి పోటీదారుడైన ఉబుంటు టచ్ ఫోన్లను కూడా నడిపించింది. మీరు కొన్న ఫైర్‌ఫాక్స్ ఓఎస్ కోడ్ కైఓఎస్‌గా మారి 2017 నుంచి జియోఫోన్‌లో కోట్లమంది చేతుల్లోకి వెళ్లింది. ఇక్కడ ఒక బాధ కూడా ఉంది: కోడ్ వెళ్లింది గానీ, ఆ ఫోన్‌ను తమకు నచ్చినట్టు మార్చుకునే హక్కు ఆ కోట్లమందికి వెళ్లలేదు. అందుకే కైఓఎస్‌ను నేను గెలుపు కింద లెక్కేయను.

దీన్నిబట్టి నా సలహా ఒకటే. ఒక్క ఫోన్ ఓఎస్‌కే పనికొచ్చే అనువాదాలు తగ్గించండి. మీ శ్రమను దాని కింద, అందరూ వాడుకునే చోట పెట్టండి. హార్ఫ్‌బజ్ అని ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఉంది. అక్షరాలు, గుణింతాలు, వత్తులు తెర మీద సరైన చోట కూర్చోబెట్టే పని దానిది. ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రేఆఫీస్ అన్నీ దాన్నే వాడతాయి. తెలుగులో ఎక్కడైనా వత్తు తప్పు పడితే, ఏ అక్షరం, ఏ ఫాంటు, ఎలా రావాలి అన్నది ఫొటోతో సహా రాసి పంపండి. అక్కడ ఒకసారి సరిచేస్తే మీ విద్యార్థుల ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ సరవుతుంది, మీ ఉబుంటు టచ్‌లోనూ సరవుతుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరం ఒక ప్రత్యేక రూపంలో, మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తుతో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆపిల్ కొద్ది రోజుల్లోనే సరిచేసింది, అంత వేగం వాళ్లకు ఉంది, ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ కొద్ది రోజులూ తెలుగు తెలిసిన ఏ ఒక్కరికీ ఆ కోడ్ తెరిచి చూసే వీలు లేదు. హార్ఫ్‌బజ్‌లో అలాంటిది జరిగితే కరీంనగర్‌లో కూర్చుని మీరే చూడొచ్చు, మీ విద్యార్థి చూడొచ్చు. పని చేయాల్సిన చోటు అదీ.

రోజువారీ ఫోన్ విషయంలో మొహమాటం వద్దు. బ్యాంకు, యూపీఐ, కాలేజీ వాట్సాప్ గ్రూపులు, ఇంట్లోవాళ్ల కాల్స్ అన్నీ మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే ఉంచండి. అందులో వీలైనన్ని యాప్‌లు ఎఫ్-డ్రాయిడ్ అనే ఓపెన్ సోర్స్ యాప్‌ల స్టోర్ నుంచి తెచ్చుకోండి. అత్యవసరంగా ఫోన్ చేయాల్సిన రాత్రి కాల్ కలవకపోతే ఏ సిద్ధాంతమూ అక్కరకు రాదు. ప్రయోగాలన్నీ రెండో ఫోన్‌లో చేయండి. ఇంట్లోవాళ్ల ఫోన్ల జోలికి మాత్రం వెళ్లకండి, వాళ్లు అడిగితే తప్ప.

మీ విద్యార్థినికి ఉన్నమాటే చెప్పండి: ‘ఆండ్రాయిడ్ ఫోనమ్మా. ఎందుకో రేపు చూపిస్తాను’ అనండి. మర్నాడు ప్రొజెక్టర్ మీద కెర్నెల్ సోర్సు తెరిచి, పోకో ఎఫ్1 డివైస్ ట్రీ ఫైళ్లు రెండూ పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడుందో వాళ్లనే వెతకమనండి. దొరికాక, ఈ తేడాను బయటివాళ్లు ఎలా కనిపెట్టి ఉంటారో ఊహించమనండి. అక్కణ్నుంచి లైసెన్సులు, మోడెమ్, కాంపిటీషన్ కమిషన్ తీర్పు దాకా ఒక్కో క్లాసు వస్తుంది. ఫలానా ఫోన్ వాడండి అని చెప్పడం కన్నా ఇది ఎంతో ఎక్కువ నేర్పుతుంది. తేడా మొదట కనిపెట్టిన పిల్లను కెర్నెల్ వైపు కొంచెం ప్రోత్సహించండి, మనవైపు నుంచి అక్కడ మనుషులు కావాలి.

ఈ పని వదలొద్దని అనడానికి ఇంకో కారణం, ఆండ్రాయిడ్‌లో తెరిచి ఉన్న భాగం కూడా తగ్గుతోంది. 2025లో గూగుల్ ఆండ్రాయిడ్ అభివృద్ధి మొత్తాన్ని బయటికి కనపడకుండా తన లోపలికే తీసుకుపోయింది. కోడ్ బయటికి వస్తుంది, కానీ విడుదల అయ్యాకే. అదే ఏడాది ఆగస్టులో, ప్లే స్టోర్ బయట నుంచి వేసుకునే యాప్‌లు రాసినవాళ్లు కూడా తమ వివరాలు గూగుల్‌కు ఇచ్చి ధ్రువీకరించుకోవాలని ప్రకటించింది. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లతో మొదలుపెట్టి మిగతా దేశాలకు విస్తరిస్తామంది. గొడవ రేగాక, తెలిసి రిస్కు తీసుకునేవాళ్లకు వేరే దారి ఉంచుతామంది. ఎఫ్-డ్రాయిడ్ లాంటివి ఈ నిర్ణయాన్ని గట్టిగా వ్యతిరేకించాయి. ఇప్పుడు మీరు వాడుతున్న ఆండ్రాయిడ్ ఇంత స్వేచ్ఛగా ఎప్పటికీ ఉంటుందని నమ్మి వేరే దారులన్నీ మూసుకుంటే, తర్వాత తెరుచుకోవడానికి ఏమీ ఉండదు. పోకో ఎఫ్1కే కంపెనీ ఆండ్రాయిడ్ 10 దగ్గర ఆపేస్తే, అంతకు పై వెర్షన్లు లీనేజ్ వాలంటీర్లు తెచ్చారు. ఈ నెమ్మది మనుషులు లేకపోతే ఆ ఫోన్లు ఏమయ్యేవో ఆలోచించండి.

ఇక రెండో ఫోన్ మళ్లీ కొనేముందు. ఉబుంటు టచ్, పోస్ట్‌మార్కెట్ ఓఎస్, లీనేజ్ మూడూ ఏ ఫోన్లలో నడుస్తాయో జాబితాలు ఇస్తాయి. మోడల్ పేరు జాబితాలో కనిపించగానే కొనేయకండి. ఉబుంటు టచ్, పోస్ట్‌మార్కెట్ ఓఎస్ పేజీల్లో కాల్స్, వీవోఎల్‌టీఈ, కెమెరా, జీపీఎస్ ఒక్కోటి పని చేస్తోందో లేదో విడివిడిగా రాసి ఉంటుంది, అది చదవండి. బూట్‌లోడర్ అన్‌లాక్ చేయనిచ్చే (అంటే వేరే ఓఎస్ వేసుకోనిచ్చే) మోడలో కాదో అమ్మేవాణ్ని కాకుండా ఆ పేజీనే నమ్మండి. కొన్నాక మీ సిమ్ ఏ కంపెనీదో, కాల్ వెళ్లిందో లేదో, వస్తే మాట వినిపించిందో లేదో, ఏ వెర్షన్‌లో చూశారో రాసి ఆ ఫోన్ పేజీకి చేర్చండి. మన సిమ్‌లతో పరీక్షించి చెప్పేవాళ్లు వాళ్లకు చాలా అవసరం. ఇప్పుడు మీ దగ్గరున్న ఫోన్‌తోనే మొదలుపెట్టొచ్చు, కాల్స్ రావడం లేదన్నది కూడా వాళ్లకు పనికొచ్చే సమాచారమే.